కుంభకోణంలో టైమ్ టేబుల్ వేసిన కుర్రాడు

కుంభకోణం అనే మాట వినగానే మన తెలుగువాళ్ళకి పేపర్ హెడ్డింగులే గుర్తొస్తాయి. భూ కుంభకోణం, బొగ్గు కుంభకోణం, స్కాలర్‌షిప్పుల కుంభకోణం. పాపం, తమిళనాడులో కావేరి ఒడ్డున అదే పేరుతో నిక్షేపంలాంటి ఊరు ఒకటుంది. గుళ్ళూ, పట్టు చీరలూ, ఇత్తడి సామానూ, డిగ్రీ కాఫీ అక్కడి స్పెషల్. ఆ ఊళ్ళో టౌన్ హైస్కూల్ అని ఒక బడి. 1898 జనవరిలో ఆ బడిలో ఒక బొద్దు పిల్లాడు చేరాడు. పిలక, నుదుటన నామం, కాళ్ళకి చెప్పుల్లేవు. పేరు శ్రీనివాస రామానుజన్.

ఆగండాగండి. పేజీ స్క్రోల్ చేసి వెళ్ళిపోకండి. టాక్సీ నంబర్ 1729 కథ నేను చెప్పను. అది చిన్నప్పటి నుంచి ప్రతి మ్యాథ్స్ డే నాడూ విని విని మనకి బోర్ కొట్టేసింది. హార్డీ గారూ, కేంబ్రిడ్జీ కూడా చివర్లో రెండు ముక్కలే. నాకు కావాల్సింది అంతకు ముందు సంగతి. అంటే మనలాగే బెంచీ మీద కూర్చుని, మాస్టార్లని ప్రశ్నలతో విసిగించి, మార్కుల కోసం ఏడ్చి, చివరికి సప్లీల మీద సప్లీలు పోగొట్టుకున్న స్టూడెంట్ రామానుజన్ అన్నమాట.

ఆయన పుట్టింది 1887 డిసెంబర్ 22న, ఈరోడ్‌లో అమ్మమ్మ గారింట్లో. నాన్న శ్రీనివాస అయ్యంగార్ కుంభకోణంలో ఒక చీరల కొట్లో గుమాస్తా. నెలకి ఇరవై రూపాయల జీతం. అమ్మ కోమలతమ్మాళ్ గుళ్ళో భజనలు పాడేది. ఇంటి పెత్తనం ఆవిడదే. పిల్లాడికి మూడేళ్ళు వచ్చేదాకా మాటలు రాలేదు. మాటలు వచ్చాక బడికి వెళ్ళనని మొండికేశాడు. కొన్నాళ్ళు మద్రాసులో తాతగారింట్లో ఉన్నప్పుడైతే బడి పేరు చెబితే చాలు మాయం. చివరికి ఇంట్లో వాళ్ళు ఒక పోలీసు కానిస్టేబుల్‌ని మాట్లాడి, భయపెట్టి మరీ బడికి పంపించాల్సి వచ్చింది. ప్రపంచంలో పెద్ద పెద్ద గణిత శాస్త్రజ్ఞుల లిస్టు తీస్తే, పోలీసు ఎస్కార్టుతో ఎల్కేజీ చదివినట్టున్నది బహుశా మనవాడొక్కడే. మన అటెండెన్స్ కష్టాలు ఏపాటి?

అయితే మద్రాసు నుంచి కుంభకోణం తిరిగొచ్చాక కథ మారింది. కంగాయన్ ప్రైమరీ స్కూల్లో కుదురుకున్నాడు. 1897 నవంబర్‌లో ప్రైమరీ పరీక్ష రాశాడు. ఇంగ్లీష్, తమిళం, జాగ్రఫీ, లెక్కలు. తంజావూరు జిల్లా మొత్తానికి ఫస్ట్. ఈ రోజుల్లో అయితే బస్టాండులో ఫ్లెక్సీ కట్టి, టీవీలో ఒకటి ఒకటి ఒకటి అని అరిచి, తర్వాతి ఏడాది ఫీజు డబుల్ చేసేవాళ్ళు. అప్పుడు జరిగింది ఏమిటంటే, కుర్రాడు టౌన్ హైస్కూల్లో ఫస్ట్ ఫారంలో చేరాడు. ఫస్ట్ ఫారం అంటే దాదాపు మన ఆరో తరగతి. అలా సిక్స్త్ ఫారం దాకా ఆరేళ్ళు అదే బడి. ఆయన జీవితంలో ఏ చదువుల చోటైనా హాయిగా, ఎవరికీ బరువు కాకుండా గడిపాడంటే అది ఈ ఆరేళ్ళే.

ఆటలు సున్నా. ఒళ్ళు బాగా బొద్దు. ఎవరితోనైనా గొడవ వస్తే కొట్టక్కర్లేదు, మీద పడితే చాలు, అవతలివాడు పచ్చడైపోతాడని జోకులు. సాయంత్రం అందరూ వీధిలో ఆడుకుంటుంటే తను సారంగపాణి సన్నిధి వీధిలోని ఇంటి అరుగు మీద కూర్చుని లెక్కలు చేసుకునేవాడు. చూసి జాలిపడతాం కానీ, జాలి పడాల్సిన కేసు కాదు. ఫ్రెండ్స్ బోలెడు. ఇంకో విషయం, ఈగో కూడా బోలెడు.

ఈగో అంటే ఎంత అంటే, సారంగపాణి అని క్లాస్‌మేట్ ఒకడుండేవాడు. ఒకసారి లెక్కల పరీక్షలో సారంగపాణికి మనవాడి కంటే ఒక్క మార్కు ఎక్కువ వచ్చింది. ఒక్కటే. రామానుజన్ వాడితో మాట్లాడటం మానేశాడు. మిగతా సబ్జెక్టులన్నిట్లో నువ్వే కదా ముందు, దీనికెందుకు ఇంత ఇదైపోతావని సారంగపాణి బతిమాలాడు. లెక్కల్లో నేను ఫస్ట్ రావడం అనేది అందరికీ తెలిసిన సంగతి, అది మారడానికి వీల్లేదని ఏడుస్తూ ఇంటికి పరిగెత్తి అమ్మ ఒళ్ళో తల పెట్టుకున్నాడు. మన క్లాసులో ఇంటర్నల్స్ పేపర్లు ఇచ్చే రోజు సీను చూసినవాళ్ళకి ఈ కథ కొత్తేం కాదు. నాకు మాత్రం ఇది చదివాక ఆయన మీద చనువు వచ్చింది. ఫోటోలో మనవైపు సీరియస్‌గా చూసే ఆ మనిషి కూడా ఒక్క మార్కు కోసం ముక్కు చీదినవాడే.

ఇక క్లాసులో ప్రశ్నలు. ఒకరోజు లెక్కల మాస్టారు భాగాహారం చెబుతున్నారు. ఏ సంఖ్యనైనా దాన్ని దానితోనే భాగిస్తే ఒకటి వస్తుందన్నారు. మూడు పళ్ళు ముగ్గురికి పంచితే తలా ఒకటి. వెయ్యి పళ్ళు వెయ్యిమందికి పంచినా తలా ఒకటే. క్లాసంతా బుద్ధిగా తలలూపింది. మనవాడు లేచి నిలబడ్డాడు. మరి సున్నాని సున్నాతో భాగిస్తే? పళ్ళే లేవు, తినేవాళ్ళూ లేరు, అప్పుడు కూడా తలా ఒకటి వస్తుందా మాస్టారూ అని.

మాస్టారి మొహం ఎలా ఉండుంటుందో మీరే ఊహించుకోండి. కానీ ఇది చిలిపి ప్రశ్న కాదు. మన ఫస్టియర్ ల్యాబ్‌లో ఎవరో ఒకరు సున్నాతో డివైడ్ చేయడం, ప్రోగ్రామ్ ఢమాల్మనడం ప్రతి బ్యాచ్‌లోనూ జరిగేదే. ఫ్లోటింగ్ పాయింట్‌లో సున్నాని సున్నాతో భాగిస్తే కంప్యూటర్ నాన్ అని చూపిస్తుంది. అంటే నాట్ ఎ నంబర్, ఇది అసలు సంఖ్యే కాదు పొమ్మని. కంప్యూటర్లు చేసేవాళ్ళు కూర్చుని స్టాండర్డు రాసుకోవాల్సి వచ్చిన విషయాన్ని ఈ పిల్లాడు పళ్ళ బుట్టలోంచి లాగాడు.

రామానుజన్ ఇంట్లో డబ్బు చాలక కాలేజీ కుర్రాళ్ళని పేయింగ్ గెస్టులుగా పెట్టుకునేవారు. ఒకడిది తిరునెల్వేలి, ఒకడిది తిరుచినాపల్లి. ఇద్దరూ గవర్నమెంట్ కాలేజీలో చదివేవారు. మనవాడికి పదకొండేళ్ళు ఉంటాయేమో, వాళ్ళ చుట్టూ తిరిగి వాళ్ళకి వచ్చిన లెక్కలన్నీ పిండేశాడు. స్టాకు అయిపోయాక, కాలేజీ లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చిపెట్టమని వాళ్ళ వెంట పడ్డాడు. అలా వచ్చిందే లోనీ రాసిన ట్రిగనామెట్రీ. పదమూడేళ్ళకి దాన్ని నమిలి మింగేశాడు. జేఈఈ కోచింగ్‌కి వెళ్ళినవాళ్ళకి లోనీ పేరు చెబితే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది, గుర్తుందా? ఆ లోనీయే.

సైన్లూ కోసైన్లూ అంటే లంబకోణ త్రిభుజం భుజాల నిష్పత్తులని మనకి బళ్ళో చెబుతారు. త్రిభుజంతో పనిలేకుండా, అంతులేని శ్రేణులుగా కూడా వాటిని రాయొచ్చని మనవాడు సొంతంగా కనిపెట్టాడు. ఎగిరి గంతేశాడు. తర్వాత తెలిసింది, ఆ పని ఆయిలర్ అనే ఆయన నూటయాభై ఏళ్ళ కిందటే చేసేశాడని. సిగ్గుతో ఆ కాగితాలన్నీ ఇంటి పైకప్పులో దాచేశాడు. మనం రాత్రంతా కూర్చుని ఒక కొత్త ఐడియా అనుకుని, పొద్దున్నే గిట్‌హబ్‌లో వెతికితే ఎవడో ఐదేళ్ళ కిందటే పెట్టేసుంటాడు చూశారా, సరిగ్గా ఆ నొప్పి. కాకపోతే మన ముందున్నది ఎవడో. ఆయన ముందున్నది ఆయిలర్.

సీనియర్లకి ఈ పిల్లాడి పేరు చెవిన పడింది. రాజగోపాలాచారి అనే ఫ్రెండు మనవాడిని ఒక పెద్ద క్లాసు కుర్రాడి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ సీనియర్ కాస్త టెక్కుగా ఒక లెక్క విసిరాడు. రెండు సంఖ్యలున్నాయి. మొదటిదాని వర్గమూలానికి రెండోది కలిపితే 7. మొదటిదానికి రెండోదాని వర్గమూలం కలిపితే 11. ఆ సంఖ్యలేవి? సిక్స్త్ ఫారం వాళ్ళకే కష్టమనిపించే లెక్క. ఫోర్త్ ఫారం పిల్లాడు అర నిమిషంలో చెప్పేశాడు. జవాబు ఇక్కడ రాయను, మీరు ట్రై చేయండి. కాగితం వాడొచ్చు, ఫోన్ వద్దు. (మధ్యలో ఒక మాట. నేను ఎల్కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. వర్గమూలం అంటే స్క్వేర్ రూట్ అని మా తాతయ్య చెబితే తెలిసింది. ఆయన కసాగు, లసాగు అంటుంటే అవి ఏవో కూరగాయల సాగు అనుకునేవాణ్ణి.)

ఇక నాకు అన్నిటికంటే నచ్చిన విషయం. టౌన్ హైస్కూల్లో అప్పటికి సుమారు 1200 మంది పిల్లలు. మాస్టార్లు 35 మంది దాకా. ఏ క్లాసుకి ఏ పీరియడ్‌లో ఏ గదిలో ఏ మాస్టారు వెళ్ళాలో చూసి టైమ్ టేబుల్ వేయడం సీనియర్ లెక్కల మాస్టారు గణపతి సుబ్బయ్యర్ గారి నెత్తిన ఉండేది. ఆయన ఆ పనిని రామానుజన్‌కి అప్పగించేశారు.

ఇది ఎంత పెద్ద విషయమో మన బ్రాంచ్ వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. మిగతా బ్రాంచ్‌ల వాళ్ళకి చెబుతాను. ఒకే మాస్టారు ఒకే గంటలో రెండు క్లాసుల్లో ఉండలేరు. ఒకే గదిలో రెండు క్లాసులు కూర్చోలేవు. ప్రతి సబ్జెక్టుకీ వారానికి ఇన్ని పీరియడ్లు పడాలి. ఇలా షరతులు పెరుగుతూ పోతే, అన్నిటికీ సరిపోయే పట్టిక ఉందా లేదా అని తేల్చడానికే కంప్యూటర్లు కూడా చెమటలు కక్కుతాయి. మా అల్గారిథమ్స్ క్లాసులో దీన్ని గ్రాఫ్‌కి రంగులు వేసే సమస్యగా మార్చి చెబుతారు. అన్ని సందర్భాల్లోనూ త్వరగా పరిష్కరించే పద్ధతి ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. సాఫ్ట్‌వేర్ పెట్టి వేసిన టైమ్ టేబుల్‌లో కూడా ఒకే సారుకి రెండు సెక్షన్లు ఒకేసారి పడటం, మేం ఖాళీ క్లాసులో అంత్యాక్షరి ఆడుకోవడం అందరికీ అనుభవమే. 1900 ప్రాంతంలో ఒక స్కూల్ పిల్లాడు కాగితమూ పెన్సిలూ పెట్టుకుని ఆ పని చేశాడు. ఏ పద్ధతిలో చేశాడన్నది పక్కన పెట్టండి. నాకు ముచ్చటేసేది సుబ్బయ్యర్ గారు. తన పని తన స్టూడెంటు తన కంటే బాగా చేస్తాడని ఒప్పుకుని, తోటి మాస్టార్లందరి దినచర్యనీ ఒక పిల్లాడి చేతిలో పెట్టడానికి ఎంత ధైర్యం కావాలి? రేపట్నుంచి స్టాఫ్ రూములో ఎవరికి మొదటి పీరియడ్ పడినా తిట్లు తినేది ఆయనే కదా.

పరీక్షలు సగం టైములో రాసేసి లేచి వచ్చేవాడు. ప్రైజుల కింద ఇంగ్లీషు కవిత్వం పుస్తకాలు ఇచ్చేవారు. లెక్కల్లో ఫస్ట్ వచ్చినవాడికి కవితలు ఇవ్వడం ఏమిటో! మన కాలేజీలో కవితల పోటీకి పెన్ డ్రైవ్ ఇచ్చినట్టు.

1904లో స్కూలు చదువు ముగిసింది. బహుమతుల సభలో రంగనాథరావు పేరు మీద ఇచ్చే గణిత బహుమతి మనవాడికి వచ్చింది. హెడ్మాస్టర్ కృష్ణస్వామి అయ్యర్ గారు స్ట్రిక్టు మనిషి. ఆయన స్టేజీ మీద నిలబడి, ఈ అబ్బాయికి నూటికి నూరు వేసినా తక్కువే, ఉన్న మార్కుల కంటే ఎక్కువ వేయాల్సినవాడు అని అందరి ముందూ చెప్పారు. అర మార్కు కోసం రీవాల్యుయేషన్‌కి ఫీజు కట్టే మన బతుకులకి ఇదొక అద్భుతం. ఆ సభలో పదహారేళ్ళ కుర్రాడు, చప్పట్లు, వెనక వరసలో బహుశా పట్టుచీరలో అమ్మ. సినిమా అయితే ఇక్కడ శుభం కార్డు వేసేవాళ్ళు.

అసలు కథ ఇక్కడే అడ్డం తిరిగింది. దానికి ముందు ఏడాదే, అంటే 1903లో, ఫ్రెండ్స్ కాలేజీ లైబ్రరీ నుంచి ఒక పుస్తకం తెచ్చిచ్చారు. లండన్‌లో ట్యూషన్లు చెప్పుకునే కార్ అనే మాస్టారు రాసింది. అందులో దాదాపు ఐదు వేల సూత్రాలు వరసగా నంబర్లు వేసి ఉంటాయి. వివరణలు చాలా తక్కువ. నిజం చెప్పాలంటే అది కేంబ్రిడ్జ్ పరీక్షలకి బట్టీ కొట్టేవాళ్ళ కోసం చేసిన ఆల్ ఇన్ వన్. పరీక్షకి ముందు రాత్రి మనం జెరాక్స్ తీయించుకునే మెటీరియల్‌కి ముత్తాత. మనమైతే ఆ సూత్రాలు బట్టీపడతాం. రామానుజన్ ఒక్కో సూత్రం చూసి, ఇది ఎందుకు నిజం అని తనే సొంతంగా తేల్చుకుంటూ పోయాడు. ఒకదాన్ని తేలిస్తే అందులోంచి ఇంకో నాలుగు కొత్తవి పుట్టుకొచ్చేవి. ఇక తిండీ నిద్రా అన్నీ అదే.

స్కాలర్‌షిప్పుతో కుంభకోణం గవర్నమెంట్ కాలేజీలో ఎఫ్.ఏ.లో చేరాడు. ఎఫ్.ఏ. అంటే మన ఇంటర్ లాంటిది. లెక్కలొక్కటే కాదు, ఇంగ్లీషు, రోమన్ చరిత్ర, గ్రీకు చరిత్ర, శరీర శాస్త్రం అన్నీ పాసవ్వాలి. మనవాడు ఏ క్లాసులో కూర్చున్నా నోట్సులో లెక్కలే. ఇంగ్లీషులో తప్పాడు. స్కాలర్‌షిప్పు పోయింది. టర్ముకి ఫీజు 32 రూపాయలు, నాన్న నెల జీతం 20. అమ్మ ఊరుకునే రకం కాదు. నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి పోట్లాడింది. మావాడి లెక్కలు చూశారా, ఇలాంటివాడికి ఇంగ్లీషు పేరు చెప్పి స్కాలర్‌షిప్పు పీకేస్తారా అని అడిగింది. ప్రిన్సిపాల్ మర్యాదగానే విన్నాడు కానీ రూలు రూలే అన్నాడు.

కొన్ని నెలలు అటెండెన్స్ కోసం ఎలాగో లాగాడు. 1905 ఆగస్టులో ఇంట్లో చెప్పకుండా రైలెక్కేశాడు. ఎక్కడికో తెలుసా? మన విశాఖపట్నం! పదిహేడేళ్ళ కుర్రాడు, ఫెయిలైన అవమానం, భాష రాని ఊరు. ఇంట్లో వాళ్ళు పత్రికలో తప్పిపోయాడని ప్రకటన వేయించారు. నాన్న మద్రాసు, తిరుచినాపల్లి వెళ్ళి ఇల్లిల్లూ వెతికాడు. సెప్టెంబర్ కల్లా తిరిగి ఇల్లు చేరాడు. వైజాగ్ బీచ్ రోడ్డులో మనం సెల్ఫీలు దిగుతాం కదా, ఆ ఊళ్ళో ఎక్కడో ఒక మూల రామానుజన్ తన భవిష్యత్తు గురించి దిక్కుతోచక తిరిగి ఉంటాడని నాకు ఇది చదివేదాకా తెలియదు.

ఇక్కడ ఒక మాట సీరియస్‌గా చెప్పాలి. మా హాస్టల్లో నా పక్క గదిలో ఒకడు ఉండేవాడు. పేరు రాయను, రాస్తే తంతాడు. కంపైలర్ గురించి వాడు చెప్పినంత సులువుగా నాకు ఎవరూ చెప్పలేదు. అర్ధరాత్రి మా అందరి కోడ్‌లో తప్పులు వాడే వెతికేవాడు. కానీ వాడికి నాలుగు సబ్జెక్టులు ఉండిపోయాయి. వాటిలో ఒకటి ఇంగ్లీషు. అటెండెన్స్ చాలక ఈ ఏడాది డిటెయిన్ అయ్యాడు. పెట్టె సర్దుకుని ఊరెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఈ మ్యాగజైన్ లింకు మాత్రం మా పాత వాట్సాప్ గ్రూపులో పడుతుంది, బ్లూ టిక్కు కూడా పడుతుంది. అందుకే మిగతా కథ కాస్త వివరంగా చెబుతున్నాను. రామానుజన్ కూడా ఫెయిలయ్యాడు కాబట్టి ఫెయిలైతే గొప్పవాళ్ళమైపోతాం అనే రకం వాట్సాప్ ఫార్వర్డ్ కాదు ఇది. ఫెయిలవడం వల్ల ఆయనకి కలిసొచ్చింది ఏమీ లేదు. ఐదారేళ్ళు పోయాయి.

1906లో మళ్ళీ ప్రయత్నం. ఈసారి మద్రాసు పచ్చయ్యప్ప కళాశాల. అక్కడి లెక్కల మాస్టారు రామానుజాచారి గారు జారే నల్లబల్లలు రెండు పెట్టుకుని, బల్లలు నిండేలా ఒక లెక్క చేసేవారు. చివర్లో మనవాడు లేచి, ఇది మూడు నాలుగు మెట్లలో అయిపోతుంది కదండీ అనేవాడు. ఆయన కోప్పడలేదు, చేసి చూపించమనేవారు. పెద్ద ప్రొఫెసర్ సింగారవేలు ముదలియార్ గారైతే గణిత పత్రికల్లో వచ్చే కష్టమైన సమస్యల్ని ఈ కుర్రాడిని పక్కన కూర్చోబెట్టుకుని చేసేవారు. అక్కడిదాకా బాగానే ఉంది. శరీర శాస్త్రం దగ్గరే మనవాడు బోల్తా. ఒక పరీక్షలో జీర్ణవ్యవస్థ గురించి రాయమన్నారు. నాలుగు ముక్కలు గీకి, జీర్ణక్రియ పాఠం నాకు జీర్ణం కాలేదు, ఇదిగో అరగని సరుకు మీకే సమర్పిస్తున్నాను అనే అర్థం వచ్చేలా రాసి ఇచ్చేశాడు. పేరు రాయలేదు. అయినా పేపర్ ఎవరిదో దిద్దే ఆయనకి ఇట్టే తెలిసిపోయింది.

నవ్వొస్తుంది. కానీ మార్కుల దగ్గర నవ్వు రాదు. లెక్కల్లో మూడు గంటల పేపర్ అరగంటలో ముగించాడు, శరీర శాస్త్రంలో మాత్రం గోవిందా. ఎఫ్.ఏ. 1906లో పోయింది, 1907లో ప్రైవేటుగా కడితే మళ్ళీ పోయింది. డిగ్రీ ఆశ అక్కడితో సరి. ట్యూషన్లు చెప్పుకుందామా అంటే, పరీక్ష కోసం కాల్క్యులస్ నేర్చుకుందామని వచ్చిన కుర్రాడికి అనంతం గురించి మాత్రమే చెబుతూ కూర్చున్నాడు. ఆ కుర్రాడు రెండు వారాల్లో పారిపోయాడు. కాగితాలు కొనే డబ్బు లేదు. అందుకని పలక మీద చేసి, జవాబు మాత్రం నోటుబుక్కులో రాసి, పలకని మోచేత్తో తుడిచేసేవాడు. గుడ్డ వెతుక్కుంటే ఆలోచన తెగిపోతుందని. తుడిచి తుడిచి మోచెయ్యి నల్లగా, గరుగ్గా తయారైంది. 1909లో అమ్మ పెళ్ళి చేసేసింది. అమ్మాయి జానకికి అప్పటికి పదేళ్ళు. ఇప్పుడు వింటే మనకి ఇబ్బందిగా ఉంటుంది, ఆ రోజుల్లో అదే మామూలు.

ఇక ఉద్యోగం వెతకాలి. చంకలో నోటుబుక్కులు పెట్టుకుని ఊరూరా తిరిగాడు. అలా తిరిగి తిరిగి 1910 చివర్లో వచ్చింది మన నెల్లూరికే. అక్కడి కలెక్టర్ రామచంద్రరావు గారు ఇండియన్ మ్యాథమెటికల్ సొసైటీలో ముఖ్యులు. ఆయన ముందు అనుమానించారు. ఈ మనిషి చెప్పేది నిజమో ఉత్తిదో తేల్చుకోవడానికి ఒకటికి నాలుగుసార్లు కలవాల్సి వచ్చింది. మొదట తేలికవి, తర్వాత కష్టమైనవి మెట్టు మెట్టుగా వివరిస్తే అప్పటికి ఆయనకి నమ్మకం కుదిరింది. నీకేం కావాలయ్యా అని అడిగారు. తిండికి ఇబ్బంది లేకుండా లెక్కలు చేసుకునే తీరిక కావాలన్నాడు. నెలకి 25 రూపాయలు తన జేబులోంచి పంపడం మొదలుపెట్టారు. ఇంకో తమాషా, ఆయన దాకా దారి చూపించినవాళ్ళలో అర నిమిషం లెక్క దగ్గర ఉన్న ఆ స్కూల్ ఫ్రెండు రాజగోపాలాచారి కూడా ఉన్నాడు.

ఆ తర్వాతవి మీకు తెలిసినవే, గబగబా చెప్పేస్తా. 1912 మార్చిలో మద్రాసు పోర్ట్ ట్రస్టులో ముప్పై రూపాయల గుమాస్తా. 1913 జనవరిలో హార్డీకి ఉత్తరం. అదే ఏడాది మద్రాసు యూనివర్సిటీ డిగ్రీ లేకపోయినా రూలు పక్కన పెట్టి నెలకి 75 రూపాయల రీసెర్చ్ స్కాలర్‌షిప్పు ఇచ్చింది. 1914 మార్చిలో పిలక తీయించుకుని ఓడెక్కాడు. 1916లో కేంబ్రిడ్జ్ ఆయనకి బి.ఏ. ఇచ్చింది. రెండు సార్లు ఎఫ్.ఏ. తప్పినవాడికి మొదటి డిగ్రీ శరీర శాస్త్రం రాయకుండా, రీసెర్చ్ మీదే వచ్చింది. 1918లో రాయల్ సొసైటీ ఫెలో. 1919లో జబ్బుతో తిరిగొచ్చాడు. 1920 ఏప్రిల్ 26న మద్రాసులో పోయాడు. 32 ఏళ్ళు. ఆఖరి నెలల్లో కూడా పక్క మీద లెక్కలు చేస్తూనే ఉన్నాడు.

ఇదంతా చదివాక నాకు ఒక విషయం గట్టిగా అనిపించింది. రూల్సు లేకుండా కాలేజీలు నడవవు, ఆ ప్రిన్సిపాల్ దుర్మార్గుడేం కాదు. కానీ రామానుజన్ కథలో మలుపు తిరిగిన ప్రతి చోటా ఎవరో ఒకరు రిజిస్టర్‌లోంచి తల ఎత్తి మనిషిని చూశారు. టైమ్ టేబుల్ చేతిలో పెట్టిన సుబ్బయ్యర్ గారు, మార్కులు చాలవన్న హెడ్మాస్టరు, నాలుగుసార్లు ఓపిగ్గా కూర్చున్న నెల్లూరు కలెక్టరు. వీళ్ళెవరూ మేధావులని పుస్తకాల్లోకి ఎక్కలేదు. చూశారు, అంతే. అలాగే రామానుజన్ కూడా వైజాగ్‌లోనే ఉండిపోలేదు. సిగ్గుపడుతూనే తిరిగొచ్చాడు, నోటుబుక్కు పట్టుకుని తలుపులు కొట్టాడు. రెండూ జరిగాయి కాబట్టే కథ ఉంది. పక్క గది మిత్రమా, నీ తలుపు మేం కొడుతూనే ఉన్నాం, ఫోనెత్తు. సప్లీ ఫీజుకి ఆఖరు తేదీ ఇంకా అవ్వలేదు.

క్లబ్బు పెద్దలకి ఒక మనవి. ఈ డిసెంబర్ 22కి క్విజ్ పెడితే దయచేసి 1729 అడగొద్దు. ఆ రెండు సంఖ్యల లెక్క అడగండి, అర నిమిషం టైమ్ పెట్టండి. చెప్పినవాళ్ళకి వచ్చే సెమిస్టర్ టైమ్ టేబుల్ వేసే పని ఇద్దాం.